అర్జీదారుడు తిమ్మప్ప

ఉగాది అయిన వారానికి మా ఇంటి నడవలో రెండు పాత కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకుని నేనూ మా తమ్ముడు నరేంద్రా కొట్లాడుకున్నాం. మంచం మీద పడుకుని నాయన వింటున్నాడు. పక్షవాతం వచ్చి అప్పటికి నెల దాటింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మింగడం పోయింది. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు, దాంట్లోకి అమ్మ పూటపూటా సిరంజితో జావ పోస్తుంది. ఎడమ చెయ్యీ, బుద్ధీ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. బుద్ధి ఉన్న సంగతే మేం మాటిమాటికీ మరిచిపోయేవాళ్లం.

ఆ రెండిట్లో ఒకటి నాది. రాయదుర్గంలో నా డీటీపీ షాపులో పదకొండేళ్లు పెళ్లిపత్రికలూ కరపత్రాలూ కొట్టి కొట్టి అరిగిపోయిన డబ్బా. ఆన్ చేస్తే అది నిద్ర లేచేలోపు కాఫీ కాచుకుని తాగొచ్చు. రెండోది నరేంద్ర బళ్లారి నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్. మూత దగ్గర విరిగితే టేపు వేశాడు గానీ బొమ్మ బాగా వస్తుంది, పాట ఇంకా బాగా వస్తుంది.

"నాయనకేం కావాలక్కా? భజనలు వింటాడు, పాత సినిమాలు చూస్తాడు, నా కూతురు వీడియోలో మాట్లాడితే చూస్తాడు. దీంట్లో అన్నీ ఉండాయి. కరెంటు పోయినా గంటన్నర వస్తాది. నీ డబ్బా ఈ ఊరి కరెంటుకు యాడ నిలబడతాది?" అన్నాడు నరేంద్ర.

"చూసేదానికి కాదప్పా. నాయన చెప్పేదానికి."

"చెప్పేదానికి ఫోన్ సాలదా?"

"చూసినాం గదా. ఒకటి ఒత్తితే మూడు పడతాండాయి. పలక ఇస్తే ఎడం చేత్తో కోడి గీరినట్ల గీరి, ఆయనే ఇసిరికొట్టె."

నాయన ముప్పై ఏళ్లు గుమ్మఘట్టలో అర్జీలు రాసి బతికినవాడు. అరుగు మీద చిన్న మేజా, దాని మీద తెలుగు టైపు మిషను. పాసుపుస్తకం రానివాళ్లు, పింఛను ఆగినవాళ్లు, బోరు ఎండినవాళ్లు వరసగా కూర్చుని చెబుతుంటే ఆయన కొడుతూ పోయేవాడు. నా పాత కంప్యూటర్లో ఉన్న తెలుగు టైపు ఆ మిషను వరసనే ఉంటుంది. ఏ అక్షరం ఎక్కడుందో ఆయన వేళ్లకు తెలుసు. ఆ పాత సాఫ్ట్‌వేరు నరేంద్ర ల్యాప్‌టాప్‌లో ఎక్కలేదు. రెండు రోజులు తంటాలు పడి వదిలేశాను.

మా అమ్మ సుబ్బరత్నమ్మ వంటింట్లోంచి వచ్చి, "మీరిద్దరూ అరుచుకునేది ఏమిటికి? వాడేది ఆయప్ప. ఆయప్పనే అడగండి" అంది.

రెండు కీబోర్డులూ మంచం మీద పెట్టాం. నాయన ముందు ల్యాప్‌టాప్ మీద వేళ్లు పెట్టాడు, తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడితే చెయ్యి తీసేశాడు. నా డబ్బా కీబోర్డు మీద పెట్టి నాలుగు కీలు నొక్కాడు. తెర మీద తన పేరు తెలుగులో కనబడింది. ఇక చెయ్యి తియ్యలేదు. నరేంద్ర నవ్వి, తన ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాడు.

మొదటి అర్జీకి మధ్యాహ్నమంతా పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి, ఉన్నదంతా పోయి, మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. అప్పుడు నాకు ఒక్కో లైనుకూ సేవ్ చేసే బుద్ధి పుట్టింది. అమ్మకు చదువు రాదు, బస్సు బోర్డుల మీద రాయదుర్గం, బళ్లారి గుర్తుపడుతుంది అంతే. నేను పైకి చదివాను.

"శ్రీమతి సుబ్బరత్నమ్మ గారి దివ్యసముఖమునకు. గుమ్మఘట్ట గ్రామ కాపురస్తుడు తిమ్మప్ప వ్రాసుకొను అర్జీ. విషయము: ఫ్యాను గురించి. అమ్మా, పై ఫ్యాను గాలి నేరుగా కన్నులలో పడి నిద్ర పట్టుట లేదు. కావున తమరు దయతలచి మంచమును రెండు మూరలు గోడవైపు జరిపించవలసినదిగా ప్రార్థించుచున్నాను. ఇట్లు, తమ విధేయుడు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పెండ్లయిన నలభై ఏండ్లకు నాకు విధేయుడయినాడు చూడు!"

నెల రోజుల తరువాత మా ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

"నాయనా, ఫ్యాను అని ఒక్క మాట కొడితే సాలదా? ఇంత కష్టం ఏమిటికి?" అన్నాను. ఆయన నా వైపు, పని తెలియని గుమాస్తా వైపు చూసినట్టు చూసి, పావుగంట సేపు కొట్టాడు. "అర్జీ అర్జీలాగ ఉండవలెను. లేనియెడల తిరిగి వచ్చును."

అప్పటి నుంచి రోజుకో అర్జీ. సాయంత్రం నాలుగింటికి అమ్మ చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన కూర్చునేది. "ఏమంటాండాడు మీ దొర, చదువు" అనేది. గడ్డం గీసేవాడు మాట్లాడుతూ గీస్తున్నందువల్ల తెగుతోందని ఒక అర్జీ. వనజాక్షి అను నా కుమార్తె షాపు మూసి ఇచ్చట కూర్చొనుట వలన గిరాకీలు చెదిరిపోవుచున్నవి, కావున ఆమెను వారమునకు మూడు దినములు పంపించవలెను అని ఒకటి. అది చదువుతూ నేను మధ్యలో ఆగిపోయాను. ఇన్నేళ్లలో నా షాపు గురించి ఆయన మంచీ చెడ్డా అడిగింది లేదు. మరుసటి వారం నుంచి మూడు రోజులు షాపుకు పోయి వచ్చాను.

ఒక అర్జీ అమ్మ మీదే ఫిర్యాదు. నోటితో తినలేని మనిషికి వాసన తగలకూడదని అమ్మ ఇంట్లో సంగటి కెలకడం మానేసింది. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని వంటింట్లో తలుపు చాటున తినేది. "సదరు సుబ్బరత్నమ్మ గారు చాటుగా తినుచున్నారు. అర్జీదారునికి ఇది అవమానకరముగా ఉన్నది" అని రాశాడు నాయన. ఆ పూట అమ్మ కంచం తెచ్చుకుని ఆయన ఎదురుగా కూర్చుని తింది, మింగలేక మింగలేక తింది. ఆయన ఆమె నోటి వైపే చూస్తూ ఉన్నాడు.

వైశాఖం వచ్చింది. ఊళ్లో బోర్లు ఒకటొకటిగా గాలి కక్కుతున్నాయి. నీళ్ల ట్రాక్టరు రెండు రోజులకోసారి వచ్చేది. అలాంటి ఒక రోజు నాయన పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా కొట్టాడు. మధ్యలో నన్ను చూడనివ్వలేదు. అమ్మ అలవాటుగా వచ్చి కూర్చుంది.

విషయము దగ్గరే నా నోరు ఆగిపోయింది. "ముక్కు గొట్టము తీసివేసి నోటి ద్వారా ఆహారము ఇప్పించుట గురించి." మిగతాది కళ్లతోనే చదువుకున్నాను.

"అర్జీదారుడు డెబ్బదియొక్క సంవత్సరముల వయస్సు కలవాడు. రెండు నెలల పదునొకండు దినములుగా నాలుకకు రుచి తగులలేదు. ఇక బాగుపడుట లేదని డాక్టరు గారు తలుపు అవతల చెప్పినది అర్జీదారుడు వినియున్నాడు. కావున తమరు గొట్టము తీయించి, రాగిసంగటియు చెనిగ్గింజల ఊరుబిండియు ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను. తదుపరి కలుగు పర్యవసానమునకు అర్జీదారుడే పూర్తి బాధ్యుడు. ఇందులో ఎవరి ప్రోద్బలమును లేదు."

"ఏమడిగినాడు?" అంది అమ్మ.

"కిటికీ తీయమంటాండాడుమా. ఉక్కగా ఉండాదంట."

ఎలా వచ్చిందో ఆ మాట నాకు తెలియదు. ముందుగా అనుకుని అన్నది కాదు. అమ్మ లేచి కిటికీ రెండు రెక్కలూ తీసింది. వడగాలీ దుమ్మూ కలిసి ఆయన మొహాన కొట్టాయి. నాయన అమ్మ వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నాకు సిగ్గేసింది. ఆయన నాలుగిళ్ల అవతలి వాళ్ల కష్టం కూడా పొల్లుపోకుండా రాసిపెట్టిన మనిషి. ఆయనది ఒక్క కాగితం చదవమంటే నేను చదవలేకపోయాను.

మరునాడు మళ్లీ కొట్టాడు. పైన కొత్త లైను చేరింది. "సూచిక: అర్జీదారుడు నిన్నటి దినము సమర్పించిన అర్జీ. సదరు అర్జీ తమ సముఖమునకు చేరినట్లు కనబడుట లేదు." కింద అంతా మళ్లీ అదే, ఒక్క మాట తేడా లేకుండా.

"దుప్పటి మార్చమంటాండాడు" అన్నాను. అమ్మ ఉతికిన దుప్పటి తెచ్చింది.

మూడో రోజు అర్జీ చివర "నకలు: శ్రీ నరేంద్ర గారికి" అని చేర్చాడు. ఆఫీసులో పని కాకపోతే పై ఆఫీసుకు నకలు పంపడం ఆయన పద్ధతి. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నరేంద్ర ఆదివారం వస్తాడు.

నరేంద్ర చిన్నప్పటి నుంచి మా మేనమామ ఇంట్లో ఉండి బళ్లారిలో కన్నడం చదువుకున్నవాడు. తెలుగు అక్షరాలు దగ్గరగానే ఉన్నా కూడబలుక్కోవాలి. అందుకే నేను ధైర్యంగా ఉన్నాను. ఆ ఆదివారం నేను నీళ్లు పట్టుకుని లోపలికి వచ్చేసరికి వాడు తెర ముందు వంగి, బడిపిల్లాడిలాగా వేలు పెట్టి చదువుతున్నాడు. "గొ... ట్ట... ము. తీ... సి... వే... సి." నాయన వాడి పెదవుల వైపే చూస్తున్నాడు. వాడు చివరిదాకా చదివాడు. లేచి పెరట్లోకి పోయాడు. నేను వెనకాలే పోయాను.

నీళ్ల డ్రమ్ముల మధ్య కూర్చుని ఏడుస్తున్నాడు.

"డాక్టరు చెప్పింది ఇన్నావు గదా? నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాది. నాలుగు దినాలు గూడ ఉండడు. మనమే సంపినట్ల గదక్కా."

"తెలుసు."

"అమ్మకు చదివినావా?"

"లేదు."

"చదవొద్దు. ఆమె తట్టుకోలేదు. సచ్చిపోతాది." కాసేపు మొహం తుడుచుకుని, "రోజూ ఇదే రాస్తాడు ఇంక. పట్టు పడితే ఇడిచే మనిషి కాదు. ఆ డబ్బా ఎత్తేద్దాం. నా ల్యాప్‌టాప్ పెడదాం. పాటలు ఇంటాంటే మనసు మళ్లుతాది" అన్నాడు.

నేను డ్రమ్ములో నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. వాడు చెడ్డవాడు కాదు. నెలనెలా సెలవు పెట్టుకుని, మందులు మోసుకుని వచ్చేవాడు. నాకన్నా వాడే ఎక్కువ ఏడ్చాడు. ఆ డబ్బా నాది, దాన్ని తెచ్చింది నేను. వద్దని నేను ఒక్క మాట అంటే వాడు ముట్టుకునేవాడు కాదు.

"సరే" అన్నాను.

ఆ సాయంత్రమే ఆటో పిలిపించి కంప్యూటరు రాయదుర్గం తీసుకుపోయాను. పోయే ముందు నాయన దగ్గర కూర్చుని, "లోపల బోర్డు కాలిపోయింది నాయనా. రిపేరు చేపిస్తా. అంతదాకా నరేంద్రది చూస్తాండు" అన్నాను. ఫైలు కనబడలేదు, సారు సెలవులో ఉన్నాడు, వచ్చే వారం రమ్మన్నాడు, ఇలాంటి మాటలు ఆఫీసుల్లో ముప్పై ఏళ్లు విన్న మనిషి ఆయన. కోపం చూపించలేదు. అలాంటి మాట విన్న రైతులు ఎలా తల ఊపి అరుగు దిగిపోయేవాళ్లో అలాగే తల ఊపాడు.

ల్యాప్‌టాప్‌లో భజనలు పెట్టాం. పొద్దున లేచినప్పటి నుంచి ఇల్లంతా తాళాలూ హార్మోనియమూ. నరేంద్ర కూతురు వీడియోలో "తాతా" అంటే ఆయన చూసేవాడు గానీ మొహంలో ఏమీ కదిలేది కాదు. పాట నచ్చిందో లేదో, ఆపమంటున్నాడో లేదో తెలుసుకునే దారి లేదు. సాయంత్రం నాలుగింటికి అమ్మ కొన్నాళ్లు అలవాటుగా చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తరువాత మానేసింది.

పది రోజులకు ఆయన ఎడమ చేత్తో గొట్టం పీకేశాడు. ముక్కు వెంట రక్తం. మా ఊరి ఆర్‌ఎంపీ ఓబుళేసును పిలిస్తే వచ్చి, మెడ వంచి పట్టుకోమని మళ్లీ వేశాడు. వేస్తున్నంత సేపూ నాయన కళ్ల నీళ్లు కారుతూ ఉన్నాయి. "చెయ్యి కట్టేయండమ్మా, లేకుంటే మళ్లా పీకుతాడు" అని చెప్పి పోయాడు ఓబుళేసు. అమ్మ తన పాత నూలు చీర చించి మెత్తగా మడిచి, ఆ చేతిని మంచం పట్టెకు కట్టింది. ముడి వేసేటప్పుడు, "నొప్పి లేకుండా కట్టినానయ్యా, కోపం పెట్టుకోవద్దు" అంది. పక్కన మనిషి ఉన్నప్పుడు కట్టు విప్పి చేతికి నూనె రాసేవాళ్లం.

జ్యేష్ఠంలో ఒక ఆదివారం. ముగ్గురం అక్కడే ఉన్నాం. చెయ్యి విప్పి ఉంది. ల్యాప్‌టాప్‌లో పాట అయిపోయి ఇంకోటి వెతకడానికి నరేంద్ర దాన్ని నాయన పక్కన మంచం మీదికి దించి, ఏదో ఫోన్ వస్తే మాట్లాడుతున్నాడు. నాయన చెయ్యి చాచి కీల మీద పెట్టాడు. టక్ టక్‌మని కొట్టసాగాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ చుక్కలూ ఒక ముద్దగా పడ్డాయి.

నరేంద్ర ఫోన్ పెట్టేసి చూసి, "అయ్యో, మతి గూడ పోతాండాదక్కా" అన్నాడు మెల్లగా.

అది ముద్ద కాదు. ఏ ఇంగ్లీషు కీ కింద ఏ తెలుగు అక్షరం ఉంటుందో పదకొండేళ్లు రోజంతా కొట్టినదాన్ని. మిషను మీద కొట్టినట్టే, అదే వరసలో, ఒక్క తప్పు లేకుండా కొట్టాడు నాయన. మా కంప్యూటర్ల సంగతి ఆయనకు తెలియదు గానీ, నాకు చదవడం వస్తుందని తెలుసు. దివ్యసముఖమునకు లేదు, విషయము లేదు, విధేయుడు లేదు. ఆయన జన్మలో అంత చిన్నది రాసి ఉండడు.

"వనజా. అమ్మకు చదివి చెప్పు."

"ఏమంటాండాడు?" అంది అమ్మ. చాన్నాళ్లకు ఆ మాట అడిగింది. నూనె చెయ్యి తుడుచుకుంటూ దగ్గరికి జరిగింది.

నాయన నా వైపే చూస్తున్నాడు. నరేంద్ర కూడా నా వైపే చూస్తున్నాడు. బయట నీళ్ల ట్రాక్టరు వచ్చినట్టుంది, బిందెల చప్పుడు.

"ఏం లేదుమా. చెయ్యి తగిలి పిచ్చి పిచ్చి అక్షరాలు పడినాయి" అన్నాను.

తరువాత ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. చెయ్యి విప్పినా ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. కట్టాల్సిన పని కూడా లేకపోయింది.

ఆషాఢం మొదటి వారంలో వాన పడింది. ఊరంతా విత్తనాల హడావుడిలో ఉండగా, ఒక తెల్లవారుజామున నాయన పోయాడు. స్నానం చేయించే ముందు ఓబుళేసు వచ్చి, ముక్కు దగ్గర ప్లాస్టర్ ఊడదీసి, గొట్టం పట్టుకుని లాగాడు. ఒక్క ఊపులో వచ్చేసింది. దాన్ని చుట్టి సంచిలో వేసుకుని, చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగాడు. నాయన అన్ని రోజులు అడిగిన పనికి అంతకన్నా ఎక్కువ సేపు పట్టలేదు.

దినాల రోజు అమ్మ ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఎన్నాళ్లకో సంగటి కెలికింది. చెనిగ్గింజలు వేయించి, ఎండుమిరపకాయలు వేసి రోట్లోనే ఊరుబిండి నూరింది. ఇల్లంతా ఆ వాసన నిండింది. ఆకులో ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, నా వైపు తిరిగింది. ఆమె మొహం మీద చెమటో కన్నీళ్లో తెలియలేదు.

"వనజా, అన్ని దినాలు అంతంత రాసినాడు గదా. ఫ్యాను అన్యాడు, గడ్డం అన్యాడు, దుప్పటి అన్యాడు. ఒక్క ముద్ద తినాలని ఒక్కసారన్నా రాయలేదా?"

నేను రోటి చుట్టూ రాలిన గింజలు ఏరుతున్నాను.

"రాసింటే పెట్టేదాన్నే. డాక్టరు కాదు, ఎవరు అడ్డమొచ్చినా పెట్టేదాన్ని. ఆయప్ప నా చేతి ముద్ద తిని పోయుండేవాడు. ఒక్కసారన్నా అడగలేదా?"

"లేదుమా" అన్నాను.

అమ్మ ఆకు ఎత్తుకుని బయటికి పోయింది.